ప్లేటులో కణం చచ్చింది, తరవాత?

(ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, ఊరివాళ్ళ ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, పర్లేదు, రండి.

ఈ కుండీ అందరికీ కనిపిస్తోందా? మీ కాలేజీ గేటు పక్కనుంచే తెచ్చాను, తోటమాలి గారిని అడిగే తెచ్చాను. ఏం మొక్క ఇది? ఆఁ, బిళ్ళగన్నేరు. ఎవరెవరి ఇళ్ళలో ఉంది, ఒకసారి చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. నీళ్ళు పోసినా పోయకపోయినా బతుకుతుంది, గోడ పగుల్లోంచి కూడా మొలుస్తుంది, పొద్దున్నే పూజకి నాలుగు పువ్వులిస్తుంది. ఇంకో సంగతి గమనించారా? మేక దీని పక్కనుంచి వెళ్తుంది గానీ సాధారణంగా నోరు పెట్టదు. ఎందుకు పెట్టదు? ఆ ప్రశ్న అలా ఉంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

నేను ఇవాళ మాట్లాడబోయేది మొక్కల నుంచి తీసిన పదార్థాలని క్యాన్సర్ కణాల మీద ఎలా పరీక్షిస్తామో, ఆ పరీక్షలో వచ్చిన ఫలితానికి అసలు అర్థం ఏమిటో. నా ఉద్యోగం అదే, పద్నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. ముందు ఈ మొక్క కథ చెప్తాను, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారం ఎలా ఉండాలో దీనికంటే బాగా చెప్పే కథ నాకు తెలీదు.

బిళ్ళగన్నేరు మన మొక్క అనుకుంటాం, కానీ దీని పుట్టిల్లు మడగాస్కర్. అక్కడి నుంచి ప్రపంచంలో వేడి దేశాలన్నిటికీ పాకింది. విచిత్రం ఏమిటంటే అది వెళ్ళిన చాలా చోట్ల జనం దాన్ని ఒకే జబ్బుకి వాడారు. దేనికి? షుగరుకి. జమైకాలో ఆకు మరిగించి టీలాగా తాగేవారు, ఫిలిప్పీన్స్‌లో ఇన్సులిన్‌కి బదులుగా వాడేవారు, మన దగ్గరా షుగర్ ఉన్నవాళ్ళు పొద్దున్నే ఆకో పువ్వో నమలడం మీలో చాలామంది చూసే ఉంటారు.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకి జమైకా నుంచి ఒక కవరొచ్చింది. అందులో 25 ఆకులున్నాయి, ఇక్కడ షుగరుకి ఈ ఆకు టీ తాగుతున్నారు, సంగతేమిటో చూడండి అని. ఈ క్లార్క్ నోబుల్ ఎవరంటే, 1921లో బాంటింగ్ అనే డాక్టరు ఇన్సులిన్ మీద పని మొదలుపెట్టేటప్పుడు ఆయన దగ్గర ముందు ఎవరు చేరాలని ఇద్దరు కుర్రాళ్ళు బొమ్మా బొరుసూ వేసుకున్నారు, అందులో గెలిచింది బెస్ట్, ఓడిపోయింది ఈయన. ఇన్సులిన్ చరిత్రలో బెస్ట్ పేరు నిలిచిపోయింది. ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ షుగరు పేరుతోనే ఈయన చేతికి ఆకులొచ్చాయి. అప్పటికి ఆయన రిటైరయ్యారు, అందుకని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో ఉన్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చారు.

రాబర్ట్ ఆ ఆకుల కషాయం ఎలకలకి తాగించారు. షుగర్ తగ్గిందా? తగ్గలేదు. ఇక్కడితో ఆపేసి ఉంటే? చాలామంది ఆపేస్తారు. ఆయన ఆపకుండా సారం తీసి ఇంజెక్షన్ ఇచ్చారు, కొద్ది రోజుల్లోనే ఎలకలు చచ్చిపోయాయి. విషం అనుకుని పారేయచ్చు కదా, అలా కాకుండా ఎందుకు చచ్చాయని కోసి చూశారు. ఒళ్ళంతా చీముగడ్డలు. అవి మామూలుగా ఎలక తట్టుకోగలిగే సూక్ష్మజీవి వల్ల వచ్చినవే. మరి ఎందుకు తట్టుకోలేకపోయాయి? రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి, ఎముక మజ్జ ఖాళీ అయిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పిల్లలూ, మీరు చెప్పండి, తెల్ల కణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బు ఏది? అవును, లుకేమియా. రక్త క్యాన్సర్. తెల్ల కణాలని ఇంతలా పడగొట్టే పదార్థం ఆకులో ఉంటే, తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకి అది పనికిరాదా? అదీ ఆయనకి వచ్చిన ఆలోచన. 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి చేరారు, ఇద్దరూ కలిసి ఆ పదార్థాన్ని విడదీశారు, 1958లో న్యూయార్క్‌లో ఒక సభలో చెప్పారు. దాన్నే ఇప్పుడు విన్‌బ్లాస్టిన్ అంటున్నాం.

అదే సమయంలో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా అనే ఆయన కూడా ఇదే మొక్కని, ఇదే షుగర్ కబురు వినే, పరీక్షకి పెట్టారు. వాళ్ళు లుకేమియా ఉన్న చిట్టెలకలకి ఇచ్చి చూస్తే అవి ఎక్కువ కాలం బతికాయి. వాళ్ళ పనిలోంచే విన్‌క్రిస్టిన్ బయటికి వచ్చింది, 1963లో అమెరికాలో మందుగా అనుమతి దొరికింది. ఇది వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. షుగరుకని వాడుతున్న ఆకుని జాగ్రత్తగా పరీక్షిస్తే ఎవరూ అడగని జబ్బుకి మందు దొరికింది. జనం చెప్పిన మాట మొక్క దాకా దారి చూపించింది. ఆ మొక్కలో ఏముందో చెప్పింది మాత్రం పరీక్షే.

ఇప్పుడు ఆ మందు కణంలో ఏం చేస్తుందో చూద్దాం. కణం రెండుగా విడిపోవడం, సమవిభజన, ఇంటర్లోనే చదివారు కదా? క్రోమోజోములు మధ్యలో వరసగా నిలబడతాయి, రెండు పక్కల నుంచి సన్నటి తాళ్ళు వచ్చి పట్టుకుని లాగుతాయి. నిజానికి అవి తాళ్ళు కూడా కాదు, సన్నటి గొట్టాలు, ట్యూబులిన్ అనే ప్రొటీన్ ఇటుకలు పేర్చినట్టు పేరిస్తే తయారయ్యేవి. విన్‌క్రిస్టిన్ వెళ్ళి ఆ ఇటుకకే అతుక్కుంటుంది. ఇటుక దొరక్కపోతే గొట్టం లేవదు, గొట్టం లేకపోతే క్రోమోజోములని లాగేవాడు ఉండడు. కణం విడిపోవడానికి సిద్ధమై, అలాగే నడిమధ్యలో ఇరుక్కుపోయి, చివరికి చచ్చిపోతుంది. మాటిమాటికీ విడిపోయే కణాలకే ఈ దెబ్బ ఎక్కువ. క్యాన్సర్ కణాలు అలాంటివే. ఎముక మజ్జా అలాంటిదే, జుట్టు మొదళ్ళూ అలాంటివే, అందుకే కీమోలో జుట్టు ఊడుతుంది.

ఇంకో ముచ్చట. విన్‌బ్లాస్టిన్‌కీ విన్‌క్రిస్టిన్‌కీ తేడా ఎంతనుకున్నారు? అంత పెద్ద అణువులో ఒక నైట్రోజన్ మీద ఒకదానికి మిథైల్ అనే చిన్న ముక్క ఉంటుంది, రెండోదానికి ఫార్మైల్ అనే ముక్క ఉంటుంది, అంతే. ఆ కాస్త తేడాకి, విన్‌బ్లాస్టిన్ దెబ్బ ముఖ్యంగా మజ్జ మీద పడుతుంది, విన్‌క్రిస్టిన్ మజ్జని చాలావరకు వదిలేసి నరాల మీద పడుతుంది. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, నడిచేటప్పుడు పాదం జారిపోతుంది, మలబద్ధకం వస్తుంది. నరాల్లో సరుకు అటూ ఇటూ మోసే దారులు కూడా ఆ గొట్టాలే మరి. ఒకే ఆకులోంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళలాంటి రెండు పదార్థాలు ఒంట్లో ఇంత వేరుగా నడుచుకుంటున్నాయంటే, వంద రకాల పదార్థాలున్న ఆకుని మొత్తంగా నూరి తాగితే ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు? ఈ మొక్కలో 130కి పైగా ఆల్కలాయిడ్లు, అంటే నైట్రోజన్ ఉన్న చేదు పదార్థాలు, ఉన్నాయి. మేక ఎందుకు ముట్టదన్నాను కదా, ఆ చేదు ఆకు తనకోసం కట్టుకున్న కోట. పురుగులూ పశువులూ తనని తినకుండా మొక్క చేసుకున్న విషాలే అవి.

సరే, ఇప్పుడు మన ల్యాబుకి వద్దాం.

క్యాన్సర్ కణాలు ఎక్కడి నుంచి వస్తాయి అని ప్రతిచోటా అడుగుతారు. కొంటాం. మన దేశంలో చాలా ల్యాబులకి పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి వస్తాయి. ఒక్కో కణానికీ ఒక్కో మనిషి ఉంటారు వెనక. హీలా కణాలు 1951లో బాల్టిమోర్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖం గడ్డలోంచి తీసినవి, ఆవిడని అడక్కుండానే తీశారు, అదే ఏడాది ఆవిడ పోయారు, కణాలు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతూనే ఉన్నాయి. రొమ్ము క్యాన్సరుకి ఎక్కువగా వాడే ఎంసీఎఫ్-7 ఒక క్రైస్తవ సన్యాసిని నుంచి వచ్చింది. మా విద్యార్థులకి మొదటి రోజే ఈ సంగతి చెప్తాను, చెప్పి అప్పుడు ప్లాస్కు చేతికిస్తాను.

ఆ కణాలని గులాబీ రంగు ద్రవంలో పెంచుతాం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడు. తిండి అయిపోయి ఆమ్లం పెరిగితే ఆ గులాబీ పసుపుకి తిరుగుతుంది, అంటే మార్చమని అర్థం. పెరిగాక వాటిని లెక్కపెట్టి, 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో, గుంటకి కొన్ని వేల చొప్పున వేస్తాం. అరచేతిలో పట్టేంత ప్లేటు అది. మర్నాటికి కణాలు అడుగున అతుక్కుంటాయి. అప్పుడు మన ఆకు సారం, తక్కువ నుంచి ఎక్కువకి మోతాదులు పెంచుకుంటూ పోస్తాం. రెండు రోజులు ఆగుతాం. తరవాత ఎంటీటీ అనే పసుపు రంగు పొడి కలిపిన ద్రవం పోసి, నాలుగు గంటలు. కణం బతికి ఉంటే ఆ పసుపుని ఊదా రంగు పలుకులుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. పలుకులని కరిగించి ప్లేటుని యంత్రంలో పెడితే ఏ గుంటలో ఎంత రంగుందో చెప్తుంది. రంగు ఎంతుంటే అంత మంది బతికున్నట్టు. 1983లో మోస్‌మన్ అనే ఆయన పెట్టిన పద్ధతి ఇది, చవక, సులువు, అందుకే మన దేశంలో ప్రతి కాలేజీలో ఇదే చేస్తారు. సగం కణాలు చచ్చే మోతాదుని ఐసీ50 అంటాం. ఆ ఒక్క నంబరు కోసం ఎంత టెన్షన్ పడతామో ఇక్కడున్న పీహెచ్‌డీ పిల్లలకి తెలుసు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను మొదట్లో కరక్కాయ పెచ్చు మీద పనిచేశాను. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మమ్మ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనేది, ఆ ఒగరు నాకిప్పటికీ నాలుక మీదే ఉంది, అందుకే అది ఎంచుకున్నాను. సారం తీశాను, ప్లేటు పెట్టాను, మూడో రోజు ఎంటీటీ పోసి బయటికి తీసి చూశాను. మోతాదు పెరిగేకొద్దీ రంగు తగ్గాలి కదా? మొదటి మూడు వరసల్లో కాస్త తగ్గింది. ఆ పైన మళ్ళీ ముదిరింది. చివరి వరస నేరేడుపండు రంగులో ఉంది, మందు ఏమీ వేయని గుంటకంటే ముదురుగా! నా గుండె జారిపోయింది. అమ్మమ్మ ఇచ్చిన కరక్కాయ క్యాన్సర్ కణాలని పెంచుతోందా? రెండు సార్లు మళ్ళీ చేశాను, మళ్ళీ అదే.

మా గైడు గారు ప్లేటు చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "కణాలు లేని గుంటలో సారం పోసి చూశావా?" చూడలేదు. వెళ్ళి వేశాను. కణాలు లేవు, ఒక్కటి కూడా లేదు, వట్టి ద్రవం, కరక్కాయ సారం, ఎంటీటీ. నాలుగు గంటల తరవాత తలుపు తెరిస్తే, అదే నేరేడు రంగు.

అర్థమైందా ఏం జరిగిందో? కరక్కాయ నిండా టానిన్లు, అంటే ఆ ఒగరునిచ్చే పదార్థాలు. ఆ టానిన్లు కణం చేయాల్సిన పని అవే చేసేసి పసుపుని ఊదాగా మార్చేస్తున్నాయి. గుంటలో కణాలు చచ్చి పడి ఉన్నా యంత్రం మాత్రం అందరూ బతికే ఉన్నారని చెప్తోంది. అప్పటి నుంచి సారాన్ని పూర్తిగా తీసేసి, కడిగి, ఆ తరవాతే ఎంటీటీ పోస్తాం, కణాలు లేని గుంటలు ప్రతి మోతాదుకీ పెడతాం, పైగా చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ అనే రంగేసి మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టి సరిచూస్తాం. ఆరు నెలల పని పోయింది నాకు. కానీ ఇక్కడ కూర్చున్న ఒక్క అమ్మాయికైనా ఆ ఆరు నెలలు మిగిలితే చాలు, అందుకే చెప్తున్నాను. మన వంటింటి మొక్కల్లో చాలావాటికి ఈ గుణం ఉంది, ఉసిరి, తానికాయ, దానిమ్మ తొక్క, అన్నీ ఇంతే.

సరే, పరీక్ష సరిగ్గానే చేశారు అనుకుందాం, కణాలు నిజంగానే చచ్చాయి. అప్పుడేమిటి? నాకు అసలు చెప్పాల్సిన మాట ఇక్కడే ఉంది.

ప్లేటులో కణం దేనికైనా చస్తుంది. ఉప్పు ఎక్కువైతే చస్తుంది, సబ్బు నీళ్ళకి చస్తుంది, స్పిరిట్‌కి చస్తుంది. మేం సారం కరిగించడానికి వాడే డీఎంఎస్ఓ కాస్త ఎక్కువ పడితే దానికే చస్తుంది, అందుకే వట్టి డీఎంఎస్ఓ పోసిన గుంట ఒకటి తప్పకుండా ఉండాలి. కాబట్టి చచ్చిందా అని అడిగితే చాలదు. ఎంత మోతాదుకి చచ్చింది? మామూలు కణాలు అదే మోతాదుకి బతికాయా? ఆ మోతాదు మనిషి ఒంట్లో గడ్డ దాకా చేరుతుందా, చేరేదాకా చెడకుండా ఉంటుందా? ఇవీ అడగాల్సినవి.

మోతాదు సంగతి చూద్దాం, లెక్క కట్టండి నాతోపాటు. చాలా పేపర్లలో మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల దగ్గర సగం కణాలు చచ్చాయని రాస్తారు. మనిషి ఒంట్లో నీరు సుమారు 40 లీటర్లు. ఆ నీళ్ళంతటా మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు ఉండాలంటే 4 గ్రాముల సారం కావాలి. 4 గ్రాముల ఆకు కాదు, సారం. అది కూడా పేగులోంచి మొత్తం లోపలికి వెళ్ళాలి, కాలేయం ఒక్క రవ్వ కూడా విరగ్గొట్టకూడదు, మూత్రంలో పోకూడదు, రెండు రోజులపాటు అలాగే నిలబడాలి. ప్లేటులో కణానికి పారిపోవడానికి చోటు లేదు, దాన్ని కాపాడే కాలేయం లేదు. ఒంట్లో అలా కాదు కదా. మరి విన్‌క్రిస్టిన్ ఎంతకి పనిచేస్తుంది? నానోమోలార్లలో. మోలార్ అంటే ద్రవంలో పదార్థం ఎంత కలిసిందో చెప్పే కొలత. మామూలు మొక్కల పదార్థాలు మైక్రోమోలార్లలో, అంటే వెయ్యి రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తేడా.

మామూలు కణాల సంగతికొస్తే, పోలికకి చాలామంది హెచ్ఈకే-293 అనే కణాలని పెట్టి "సాధారణ కణాలకి హాని లేదు" అని రాసేస్తారు. ఆ కణాలే వైరస్ జన్యువులు చేర్చి ఆగకుండా పెరిగేలా మార్చినవి. వాటిని సాధారణ కణాలని ఎలా అంటాం? దయచేసి ఆ మాట రాయకండి.

పసుపు గురించి అడుగుతారని తెలుసు, ప్రతి సభలో అడుగుతారు. పసుపులో ఉండే కర్క్యుమిన్ మీద ఎన్ని వేల పేపర్లున్నాయో! ప్లేటులో అది చంపని క్యాన్సర్ కణం లేదన్నట్టు ఉంటాయి. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని అదంతా తిరగేశారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగితే, రోగికీ డాక్టరుకీ తెలియకుండా ఉత్తుత్తి మందుతో పోల్చి చేసినవాటిలో ఒక్కటీ గెలవలేదని రాశారు. ఎందుకు? ఆ అణువు నిలబడదు. సీరం, అంటే రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవం, లేని ద్రావణంలో, ఒంటి వేడిలో, అరగంటలో 90 శాతం విడిపోతుంది. రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ మింగించినా రక్తంలో 2 మైక్రోమోలార్‌కి చేరలేదు, ప్లేటులో చంపడానికి మామూలుగా 10 పైనే కావాలి. పైగా దానికి సొంత వెలుగుంది, ఎన్నో ప్రొటీన్లకి అతుక్కుంటుంది, పరీక్షలనే మోసం చేస్తుంది. కూరలో పసుపు వేసుకోండి, పారాణి పెట్టుకోండి, గడపకి రాయండి, నేనూ రాస్తాను. గడ్డకి మాత్రం అది మందని ఎవరికీ చెప్పకండి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా పెద్దమ్మ.

రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో మొదలైంది. రెండు డోసులయ్యాక వాంతులు, నీరసం, జుట్టంతా పోయింది. అప్పుడు ఎవరో ఫోన్లో పంపారు, నేలవేము రొమ్ము క్యాన్సర్ కణాలని చంపుతుందని శాస్త్రవేత్తలు తేల్చారని. పెద్దమ్మ కీమో ఆపేసింది. మాకెవరికీ చెప్పలేదు. పొద్దునా సాయంత్రం నేలవేము కషాయం కాచుకుని, అంత చేదుని ముఖం ముడవకుండా తాగింది, ఏడు నెలలు. నడుం నొప్పని ఆసుపత్రికి వెళ్తే అప్పటికి ఎముకల్లోకి పాకింది. నేను వెళ్ళి ఆ మెసేజ్‌లో ఉన్న పేపరు తీసి చదివాను. ఎంసీఎఫ్-7 కణాలు, 96 గుంటల ప్లేటు, 48 గంటలు. పేపరులో ఒక్క అబద్ధం లేదు. నేను రోజూ రాసేలాంటి పేపరే. మంచం మీద నుంచి పెద్దమ్మ నన్నడిగింది, "నువ్వు చేసేదీ ఇదే పని కదే అమ్మాయీ, మరి నాకెందుకు పనిచెయ్యలేదు?" అని.

ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు అప్పుడు. ఇప్పుడు మీ ముందు గంటసేపు నిలబడి చెప్తున్నదంతా ఆవిడకి చెప్పాల్సిన జవాబే.

నేలవేము చెడ్డది కాదమ్మా. దాంట్లో ఉన్న ఆండ్రోగ్రాఫోలైడ్ 1911లోనే విడదీసిన పదార్థం, దాని మీద మంచి పని జరుగుతోంది, దాన్ని కాస్త మార్చి ఒంట్లో నిలబడేలా చేయాలని చూస్తున్నారు. కానీ నోటితో తీసుకుంటే చాలా కొద్దిగానే రక్తంలోకి వెళ్తుంది. ఆ అడ్డంకి దాటేదాకా అది ల్యాబులో ఉండాల్సిన వస్తువు.

ఇక్కడ పరిశోధన మొదలుపెట్టబోయే పిల్లలకి రెండు మూడు మాటలు, త్వరగా చెప్పేస్తాను. బజార్లో పొడి కొని పని మొదలుపెట్టకండి, అందులో ఏ ఆకు కలిసిందో దేవుడికెరుక. మొక్కని పువ్వుతో సహా మీరే కోసి, మీ బోటనీ మేడమ్‌కి చూపించి, ఎండబెట్టి, షీటు మీద అతికించి, నంబరేసి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు దాచే చోట, పెట్టండి. ఏ నెలలో కోశారో రాయండి, ఎండాకాలం ఆకూ వానాకాలం ఆకూ ఒకటి కాదు. ముడి సారం దగ్గరే ఆగిపోకండి. హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, మిథనాల్, ఇలా ఒక్కో ద్రావకంతో విడదీసుకుంటూ ఏ భాగంలో బలం ఉందో చూసుకుంటూ, కాలమ్ మీద మళ్ళీ విడదీసి, చివరికి ఒక్క పదార్థం దాకా వెళ్ళండి. కష్టమే, రెండేళ్ళు పడుతుంది. ప్లేటులో పక్కనే ఒక గుంటలో తెలిసిన మందుని కూడా పెట్టండి, మీ ఆకు దాని పక్కన ఎక్కడ నిలబడుతుందో అందరికీ కనిపించాలి. పనిచేయకపోతే పనిచేయలేదనే రాయండి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా సుమారు 35 వేల మొక్కల నమూనాలని పరీక్షించింది, మందుల దాకా వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వాటిలో టాక్సాల్ ఒకటి, 1962లో చెట్టు బెరడు కోస్తే 1992లో మందయింది. ముప్పై ఏళ్ళు.

మళ్ళీ మన బిళ్ళగన్నేరు దగ్గరికి వద్దాం. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అర టన్ను! ఒక డోసు ఎంత? చిన్నపిల్లలకైతే ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ, పెద్దవాళ్ళకైనా సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంత కొంచెం ఎక్కించేటప్పుడు కూడా నర్సులు రెండుసార్లు సరిచూసుకుంటారు, ఎందుకంటే రక్తనాళంలోకే ఎక్కించాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. అంత పదునైన వస్తువు అది. 2022లో ఈస్టులో జన్యువులు పెట్టి విన్‌బ్లాస్టిన్ తయారీకి కావలసిన రెండు సగాలనీ చేయించారు, అంటే రేపెప్పుడో అర టన్ను ఆకు అక్కర్లేకుండానే ఈ మందు రావచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1960ల మొదట్లో అమెరికాలో పిల్లల లుకేమియాకి నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు, దానికి వాంప్ (VAMP) అని పేరు, నాలుగు మందుల మొదటి అక్షరాలు కలిపి. అందులో మొదటి అక్షరం విన్‌క్రిస్టిన్, ఈ కుండీలో ఉన్న మొక్క. రెండో అక్షరం ఎమిథాప్టెరిన్, ఇప్పుడు మెథోట్రెక్సేట్ అంటాం. అది ఎవరి ల్యాబులోంచి వచ్చింది? మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి, లెడర్లే ల్యాబుల్లో. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. 1948లోనే పోయారు, ఈ నాలుగు మందులు కలిసిన రోజు చూడలేదు. ఒకప్పుడు కొన్ని వారాల్లో పోయే పిల్లలు ఇప్పుడు మంచి వైద్యం దొరికిన చోట పది మందిలో ఎనిమిది మందికి పైగా పెరిగి పెద్దవుతున్నారు, ఆ వైద్యంలో ఈ రెండు మందులూ ఇప్పటికీ ఉన్నాయి.

ఏదో అడుగుతున్నారు, చెప్పండమ్మా. ఆఁ. మా ఇంట్లో ఉంది కదా, షుగరుకి రోజూ రెండాకులు నములుతున్నాను, మానెయ్యాలా అంటున్నారు. మానెయ్యండమ్మా. ఇందాక చెప్పాను కదా, ఎలకలకి తాగించినప్పుడు షుగరే తగ్గలేదు. ఆ ఆకులో బీపీ మీద పనిచేసేవి ఉన్నాయి, నరాల మీద పనిచేసేవి ఉన్నాయి, మీరు వేసుకునే మాత్రలతో కలిసి ఏం చేస్తాయో తెలీదు. పువ్వులు దేవుడికి పెట్టండి, మొక్కని మాత్రం పీకెయ్యకండి.

ఇంకా ప్రశ్నలుంటే బయట టీ దగ్గర అడగండి, నేను బస్సు వేళ దాకా ఉంటాను. వెళ్ళే ముందు పక్క గదిలోకి ఒకసారి రండి. మీ జువాలజీ వాళ్ళు రెండు మైక్రోస్కోపులు పెట్టారు. ఎడమ పక్కది మామూలు ఉల్లి వేరు కొన, కణాలు విడిపోతూ కనిపిస్తాయి. కుడి పక్కది రాత్రంతా కాల్చిసిన్‌లో ఉంచిన వేరు. కాల్చిసిన్ మన అడవినాభి గింజల్లో ఉంటుంది, అదీ విన్‌క్రిస్టిన్ లాగే ట్యూబులిన్ ఇటుకనే పట్టుకుంటుంది. అందులో క్రోమోజోములు కణం మధ్యలో పోగుపడి అలాగే ఆగిపోయి ఉంటాయి, ఏ పక్కకీ పోలేక. ఫోకస్ కదపకండి, చాలాసేపు పట్టింది సరిచేయడానికి. పెద్దవాళ్ళు ముందు చూడండి, పిల్లలు వాళ్ళకి చూపించండి.